అర మిల్లీమీటరు

కాలేజీ వర్క్‌షాపులో నాలుగో నెంబరు లేత్ మిషన్‌ను ఎవరూ కోరి తీసుకోరు. ఎప్పుడో ఒక బ్యాచ్‌లో ఎవరో కడ్డీని పట్టి తిప్పే చక్‌ను బిగించబోయి చేయి జార్చారు. అంత బరువున్న ఇనుప చక్ నేరుగా బెడ్డు మీద పడి గాటు పెట్టింది. అప్పటి నుంచి, కోసే టూల్‌ను మోసుకుంటూ నడిచే క్యారేజీ ఆ గాటు దాటే చోట ఒక్కసారి ఎక్కిలి పెడుతుంది. తిరుగుతున్న కడ్డీ మీద, చక్‌కు నాలుగు వేళ్ళ దూరంలో, ఆ ఎక్కిలి ఒక సన్నటి గీతగా మిగిలిపోతుంది. మైక్రోమీటరుకు అందని గీత. గోటితో తడిమితే మాత్రం తగులుతుంది.

సోమవారం ఎంపిక పరీక్షకు తొమ్మిదిమంది వచ్చారు. వర్క్‌షాపు తలుపు తెరవగానే మగపిల్లలంతా బస్సులో సీటు కోసం తువ్వాలు వేసినట్టు తలా ఒక కొత్త మిషన్ మీద చేయి వేసేశారు. ఆడెపు సుకన్యకు నాలుగో నెంబరు మిగిలింది. ఆమె మూతి ముడుచుకోలేదు. డిప్లొమా మూడేళ్ళూ ఆమెకు మిగిలింది అదే. ఏప్రాన్ కట్టుకుని, జడను చుట్టి టోపీలోకి తోసి, ఇనుప కడ్డీని చక్‌లో బిగించింది.

ఆ పరీక్ష రాష్ట్రస్థాయి మెషినింగ్ పోటీల కోసం. హైదరాబాదులో జరుగుతాయి. కాలేజీకి ఇద్దరే వెళ్ళాలి. ఒకరు మిషన్ మీద పనిచేస్తారు, ఇంకొకరు డ్రాయింగూ రిపోర్టూ చూసుకుంటారు. ఫ్యాక్టరీల వాళ్ళు వచ్చి చూసేది మిషన్ మీద నిలబడినవాళ్ళనే. చేతులు నచ్చితే అక్కడికక్కడే పనిలోకి పిలుస్తారు. రిపోర్టు రాసినవాళ్ళకు సర్టిఫికెట్ ఇచ్చి చాయ్ తాగించి పంపిస్తారు. ఈ తేడా సుకన్యకు బాగా తెలుసు. పొరుగు కాలేజీ నుంచి పోయినేడు ఇద్దరిని అలా పిలిచారని విన్నప్పటి నుంచి ఆమె కడుపులో ఒకటే ఆశ.

రెండున్నర గంటల పని. వంద మిల్లీమీటర్ల కడ్డీ, మూడు మెట్లు, చివర నట్టు ఎక్కడానికి మరలు. గాటు దగ్గరికి రాగానే సుకన్య క్యారేజీని దానంతటదే నడిపే ఫీడ్ ఆపేసి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి, ఎక్కిలిని వీలైనంత బుజ్జగించి దాటించింది. సమయం అయిపోవడానికి పది నిమిషాల ముందే, వర్క్‌షాపులో జాబు అని పిలిచే ఆ పూర్తయిన ముక్కను తీసి యాకయ్య ముందు పెట్టింది.

యాకయ్య ఆ వర్క్‌షాపు ఇన్‌స్ట్రక్టరు. నెక్కొండ నుంచి రోజూ పొద్దుటి రైలుకు వచ్చి సాయంత్రం రైలుకు పోయే మనిషి. రిటైర్మెంటుకు రెండేళ్ళుంది. ఇన్నేళ్ళలో ఏ పిల్లవాడినీ పొగిడిన పాపాన పోలేదు. ఆయన కళ్ళజోడు సర్దుకుని సుకన్య జాబును వెర్నియర్‌తో కొలిచాడు, మరల మీద నట్టు తిప్పి చూశాడు. నట్టు చివరిదాకా నూనెలా జారిపోయింది.

"పొడుగు నైంటీనైన్ పాయింట్ నైన్ ఎయిట్," అన్నాడు. "పాయింట్ వన్ దాక ఇటు అటు ఉండొచ్చు. నీకు దాని అవసరమే పడలే. ఈ కుంటి మిషన్ మీద గింత మంచిగ ఎట్ల దీసినవే?"

"అది ఎక్కడ ఎక్కిలి పెడ్తదో నాకెరుకే గద సార్."

"గీత మాత్రం పడ్డది."

"పడ్తది సార్. నాలుగో నెంబరు మీద చేసిన జాబు అని తెల్వాలె గద మరి."

యాకయ్య ముసిముసిగా నవ్వాడు. సొరుగు తాళం తీసి అంకెలు కొట్టే పంచుల పెట్టె బయట పెట్టాడు. జాబు పూర్తి కాగానే దాని అడుగున ఉండే గుండ్రటి ముఖం మీద రోల్ నెంబరు కొట్టడం ఆ వర్క్‌షాపు ఆనవాయితీ. సీనియర్ల జాబులకు నూనె రుద్ది మళ్ళీ చూపించే ఘనులు ప్రతి ఏడూ ఉంటారు కనుక ఆ పెట్టెను ఆయన ఎవరినీ ముట్టనివ్వడు. ఒకటి, ఏడు. ఒక్కో అంకెకు ఒక్కటే సుత్తి దెబ్బ. పదిహేడు ముఖం మీద లోతుగా దిగింది.

మిగతా ఎనిమిది జాబుల్లో ఏదీ కొలతలో లేదు. ఏడో నెంబరు మిషన్ మీద చేసిన ఓంకార్ జాబైతే మరీను. నట్టు సగం దాకా ఎక్కి మొండికేసింది. ఓంకార్ రోల్ నెంబరు ముప్పై ఒకటి. పరకాలలో రైసుమిల్లున్న బాలకిషన్ కొడుకు. బాలకిషన్ ఈ కాలేజీ కమిటీలో మెంబరు.

సుకన్య ఆ సాయంత్రం బస్సులో కూర్చోవడానికి సీటు దొరికినా నిలబడే వెళ్ళింది. సంతోషం పట్టలేనప్పుడు ఆమెకు కూర్చోబుద్ధి కాదు.

మంగళవారం పొద్దున నోటీసుబోర్డు మీద కాగితం అంటించి ఉంది. మెషినింగ్, ఓంకార్. డాక్యుమెంటేషన్, సుకన్య.

"ఇదేం అన్యాయమే?" అని పక్కన ఉన్న స్నేహితురాలు స్రవంతి ఆ కాగితాన్ని పీకబోయింది. సుకన్య ఆమె చేయి పట్టుకుని ఆపింది. నేరుగా హెచ్‌ఓడీ గదికి నడిచింది.

డాక్టర్ కిషన్ రావు ఆ విభాగానికి అధిపతి. గోడ మీద పట్టాలు, బీరువాలో షీల్డులు, బల్ల మీద దుమ్ము పడని పెన్ను స్టాండు. ఆయన వర్క్‌షాపులోకి వచ్చేది ఇన్‌స్పెక్షన్ నాడే. వచ్చినా చొక్కాకు నూనె అంటుతుందని చేతులు కట్టుకుని నడుస్తాడు. హాజరు కూడా పేర్లతో కాదు, నెంబర్లతోనే పిలుస్తాడు.

"రామ్మా సెవెంటీన్," అన్నాడు నవ్వుతూ. "నీ చేతిరాత ముత్యాల లెక్క ఉంటది. రిపోర్టు నువ్వు రాస్తేనే కాలేజీకి అందం."

"నా జాబు ఏమైంది సార్?"

"థ్రెడ్డు ఫెయిలైంది. నట్టే ఎక్కలేదు. నువ్వే చూస్కో."

బల్ల పక్కన ట్రేలో రెండు జాబులున్నాయి. పదిహేడు అని ఉన్నదాన్ని తీసి నట్టు తిప్పింది. సగంలో ఆగిపోయింది. ముప్పై ఒకటి అని ఉన్నదాన్ని తీసింది. నట్టు జారిపోయింది. సుకన్య ఆ ముప్పై ఒకటో నెంబరు జాబు నడిమి మెట్టు మీద బొటనవేలి గోటిని మెల్లగా నడిపింది.

గోరు తట్టుకుంది.

కన్నపిల్లను ఏ బట్టల్లో చుట్టి ఇచ్చినా తల్లికి తెలియదా? ఓంకార్ చేసింది ఏడో నెంబరు మిషన్ మీద. ఏడో నెంబరుకు ఎక్కిలి లేదు. జాబు తిప్పి ముఖం చూసింది. అది కొత్తగా మెరుస్తోంది. ఎవరో ఆ ముఖాన్ని కోసి, తన నెంబరు లేపేసి, వేరే నెంబరు కొట్టారు. తన నెంబరును తీసుకుపోయి ఓంకార్ చెడగొట్టిన జాబుకు తగిలించారు.

"సార్, ఈ ముప్పై ఒకటి నాది."

"నెంబరు చదవరాదా నీకు?" కిషన్ రావు నవ్వు మాయమైంది. "చూడు, ఆడపిల్లవు. ఊరుగాని ఊర్ల, వందమంది మొగపిల్లల నడుమ పొద్దంత మిషన్ మీద నిలబడుతవా? చున్నీ చిక్కిందనుకో, జడ చిక్కిందనుకో, ఎవరు జవాబు చెప్పాలె?"

"మూడేండ్ల సంది నా చున్నీ వర్క్‌షాపు గుమ్మం దాటలే సార్. పోయినేడు చక్‌ల షర్టు చిక్కింది ఓంకార్‌ది."

"ఎదురు మాట్లాడకు. ఇష్టముంటే రిపోర్టు రాయి. లేకుంటే స్రవంతి రాస్తది. ఎంట్రీ కోసం డ్రాయింగు, కొలతల ఫారం, జాబు, మూడూ గురువారం ఐదింటికల్ల రెడీ ఉండాలె. ఆర్గనైజర్ల బండి వచ్చి పట్కపోతది."

సుకన్య వర్క్‌షాపు వెనక స్టోర్‌రూముకు వెళ్ళింది. పంచుల పెట్టె తాళం చెవి ఈ కాలేజీలో ఒక్కరి దగ్గరే ఉంటుంది మరి.

యాకయ్య పాత టూళ్ళను గుడ్డతో తుడుస్తున్నాడు. ఆమెను చూడగానే ఆయన చెయ్యి ఆగింది.

"మీరే కోసిండ్రు గద సార్?"

ఆయన చేతిలోని టూలును పక్కన పెట్టాడు. "నిన్న ఐదున్నర రైలు పోయింది నాకు," అన్నాడు. "రాత్రి బస్సుకు పోయిన."

"రైలు పోతే ఇంకో రైలు వస్తది. నా జాబు వస్తదా? మీరు కొయ్యనంటే ఆయన ఏం జేసెటోడు? ఆయనకు మిషన్ స్విచ్చి ఎక్కడుందో కూడ తెల్వదు."

"రెండేండ్లుంది బిడ్డా నాకు."

"నాకు మూడు నెలలే ఉంది సార్ ఈ కాలేజీల."

యాకయ్య మళ్ళీ గుడ్డ అందుకున్నాడు. ఆమె వెనుదిరిగి తలుపు దాకా వెళ్ళి ఆగింది. ఒక సంగతి ఆమెను పోనివ్వలేదు.

"గా గీత ఎందుకు ఉంచిండ్రు? జర ఎమరీ కాయితం పెట్టి రుద్దితే పోతుండె గద."

"పోతుండె."

"మరి?"

"సార్ నెంబరు తియ్యమన్నడు. తీసిన. గీత సంగతి ఆయన చెప్పలే." యాకయ్య గుడ్డను మడత పెట్టసాగాడు. "పంచ్ ఎంత లోతు దిగుతది?"

"పాయింట్ త్రీ."

"నేను పాయింట్ ఫైవ్ కోసిన."

సుకన్య లెక్క వేసింది. తొంభైతొమ్మిది పాయింట్ తొంభై ఎనిమిదిలో అర మిల్లీమీటరు పోతే? ఆ జాబు కొలతలో లేదు. నెంబరు దొంగిలించిన చోటే పొడవు తెగిపోయింది. పొద్దున కిషన్ రావు బల్ల మీద ఆమె చూసిన యాకయ్య చీటీలో మాత్రం సోమవారం కొలతే ఉంది.

"సార్‌కు ఎరుకేనా?"

"పొడుగు సంగతి ఆయన అడుగలే, నేను చెప్పలే."

"మీ మీద నాకు కోపం తగ్గలే సార్," అని చెప్పి ఆమె వెళ్ళిపోయింది. నిజంగానే తగ్గలేదు.

మట్టెవాడలోని ఇంటికి వచ్చేసరికి తండ్రి రాజమౌళి పవర్‌లూమ్ షెడ్డు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆయన చెవులకు మగ్గాల మోత అలవాటైపోయి ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడతాడు. సుకన్య జరిగింది మొత్తం చెప్పింది. ఆయన జుట్టులోంచి నూలు పోగులు ఏరుకుంటూ విన్నాడు.

"ఇంత జేసినోళ్ళకు నువ్వు రిపోర్టు రాసిచ్చుడేంది? రాయనని మొఖం మీద చెప్పకపోతివా?"

"చెప్పుదామనే పోయిన బాపూ. కని కొలతల ఫారం నింపేది ఎవరు? నేనే. ఆ జాబును కొలిచేది నేనే, రాసేది నేనే."

రాజమౌళి చేయి జుట్టులోనే ఆగింది. కూతురి ముఖంలోకి చూసి పెద్దగా నవ్వాడు. వాకిట్లో పోతున్నవాళ్ళు తిరిగి చూశారు.

"ఇగ ఫికర్ ఎందుకు? ఇది మొగోడు నేసిందా ఆడామె నేసిందా అని గజంబద్ద అడుగది బిడ్డా. ఎంతుంటే అంత చెప్తది. ఉన్నది ఉన్నట్టు రాయి."

బుధవారం ఆమె డ్రాయింగు హాలులో పొద్దుటే కూర్చుంది. షీటు పరిచి, నాలుగు మూలలా క్లిప్పులు పెట్టి, పెన్సిల్‌ను సూదిలా చెక్కింది. డాక్యుమెంటేషన్ అని పక్కకు నెట్టారు కదా, ఆ డాక్యుమెంటేషన్ ఎలా ఉంటుందో చూపించాలని ఆమె పంతం. మూడు మెట్లూ గీసింది. మరలు గీసింది. అన్నిటికంటే లావైన మెట్టును కాలరు అంటారు, దాని వ్యాసం ముప్పై. అక్కడ పెన్సిల్ ఆపి ఆలోచించింది. పొడవు తగ్గిన జాబు వెళ్ళదు, కొత్తది చేయక తప్పదు, దాని మీదా నెంబరు కొట్టాల్సిందే.

రోల్ నెంబరు అడుగు ముఖం మీద కొట్టాలని ఏ పుస్తకంలోనూ లేదు. ఆర్గనైజర్ల కాగితాల్లోనూ లేదు. నెంబరు ఎక్కడ ఉండాలో కాలేజీ తన డ్రాయింగులో చూపించాలి, అంతే. ముఖం మీద కొట్టడం యాకయ్య కంటే ముందు నుంచీ వస్తున్న అలవాటు. సుకన్య స్కేలు పెట్టి, కాలరు నున్నటి ఒంటి మీదికి ఒక బాణం గీసి, దాని పక్కన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: ఆపరేటరు రోల్ నెంబరు ఇక్కడ.

ముఖం మీది నెంబరును కోస్తే పొడవు పోయిందని కనిపెట్టడానికి ఒక కొలత కావాలి. కాలరు మీది నెంబరును కోస్తే వ్యాసమే పోతుంది. నట్టనడుమ చెంప మీద కొట్టిన దెబ్బ లాంటిది, దాచుకోవడానికి చోటుండదు.

మధ్యాహ్నం షీటు పట్టుకుని వెళితే కిషన్ రావు ఫోన్‌లో ఉన్నాడు. "అంత సెట్ అయింది బాలకిషన్ గారూ, మన బాబే పోతాండు," అంటూ, షీటు వైపు చూడకుండానే కింద సంతకం గీకేశాడు.

కొలతల ఫారం మిగిలింది. ముప్పై ఒకటో నెంబరు జాబును బల్ల మీద పెట్టుకుని సుకన్య వెర్నియర్ తెరిచేసరికి ఓంకార్ వచ్చాడు. రెండు రోజులుగా ఆమె కంట పడకుండా తిరుగుతున్నవాడు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఏమీ అడగకముందే అందుకున్నాడు.

"నేను అడుగలే సుకన్యా. నిజంగ. మా నాయిన ఫోన్ చేసిండంట."

"వద్దని కూడ అనలే గద?"

ఆమె వెర్నియర్‌ను అతని ముందుకు జరిపింది.

"నీ నెంబరే ఉంది దాని మీద. కొలువు."

ఓంకార్ కొలిచాడు. కళ్ళు చిట్లించి మళ్ళీ కొలిచాడు. వెళ్ళి ఇంకో వెర్నియర్ తెచ్చి కొలిచాడు. "నైంటీనైన్ పాయింట్ ఫోర్ ఎయిట్," అన్నాడు నీరసంగా. "ఇది రిజెక్ట్ అయితది గద?"

"మూడుసార్లు కొలిచినవ్. నీకే ఎరుక."

పొడవు అన్న గడిలో ఆమె 99.48 అని రాసింది. ఉండవలసింది ఇంత, ఉన్నది ఇంత, తేడా ఇంత. ఒక్క కొట్టివేత లేకుండా ఫారం నింపి, కిషన్ రావు బల్ల మీద పెన్ను స్టాండు కింద పెట్టి ఇంటికి వెళ్ళింది.

గురువారం పదిన్నరకు పిలుపొచ్చింది.

"ఇదేంది?" కిషన్ రావు ఫారాన్ని గాలిలో ఊపాడు.

"కొలత సార్."

"హండ్రెడ్ అని రాయి."

"రాస్త సార్. మరి హైదరాబాదుల వాళ్ళు మళ్ళ కొలుస్తరు గద? తప్పుడు కొలత పంపితే ఆ కాలేజీని ఈ ఏడు పక్కకు పెడ్తమని కాయితంల ఉంది. ఏం జెయ్యమంటరు?"

కిషన్ రావు యాకయ్యను పిలిపించాడు. "సోమవారం పొడుగు సరిగ్గనే ఉందని చీటీ ఇస్తివి గద నువ్వు?"

"సోమవారం సరిగ్గనే ఉండె సార్," అన్నాడు యాకయ్య చాయ్ గ్లాసుతోనే వచ్చి నిలబడి. "తర్వాత మీరు నెంబరు తియ్యమంటిరి. ముఖం కొయ్యకుంట నెంబరు ఎట్ల పోతది? కోస్తే పొడుగు తగ్గదా సార్?"

మూడు తరాల విద్యార్థులకు తయారీ రంగం గురించి స్లైడ్లు వేసి చెప్పిన మనిషి, ఇనుమును కోస్తే ఇనుము తగ్గుతుందన్న సంగతి మర్చిపోయాడు. పైగా ఆ మాట యాకయ్య సుకన్య ముందే అనేశాడు. దొంగను తేలు కుట్టినట్టు, అరవడానికీ లేదు, ఊరుకోవడానికీ లేదు.

"సరే సరే. ఐదింటిదాక టైముంది. యాకయ్యా, నువ్వే ఇంకోటి తియ్యి."

"షుగర్ సార్. చేతులు వణుకుతానయి."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన చేతిలోని చాయ్ గ్లాసు అంచుదాకా నిండి ఉంది. అందులో చాయ్ గోదావరి ఎండాకాలంలో ఉన్నంత నిమ్మళంగా ఉంది. సుకన్య దాన్నే చూసింది. ఆయన మాత్రం గోడ మీది పట్టాలను చూస్తున్నాడు.

దాంతో ఓంకార్‌ను ఏడో నెంబరు మిషన్ ముందు నిలబెట్టారు. మొదటి కడ్డీకి మరలు తెగిపోయాయి. రెండో కడ్డీకి టూలే విరిగింది. ఒంటిగంటకల్లా అతని చొక్కా తడిసిపోయింది. "నాతోటి కాదు సార్," అన్నాడు. ఆ వారంలో అతను అన్న మొదటి నిజం అది. అన్నాక అతని ముఖం కాస్త తేటపడింది కూడా.

రెండింటికి కిషన్ రావు స్వయంగా వర్క్‌షాపుకు వచ్చాడు, చేతులు కట్టుకోకుండా. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు.

"అమ్మా, తల్లీ, కాలేజీ పరువు నీ చేతులనే ఉంది. ఒక్క జాబు తీసియ్యి. సర్టిఫికెట్ల నీ పేరు పెద్దగ రాపిస్త. ముప్పై ఒకటి నెంబరు కొట్టి ఇచ్చేద్దాం."

సుకన్యకు ఒళ్ళు మండింది. చెయ్యనని చెప్పి బస్సెక్కితే ఆయన ముఖం చూడ ముచ్చటగా ఉంటుంది. ఒక్క నిమిషం ఆ ముచ్చటను మనసారా తలచుకుంది. కానీ అలా చేస్తే హైదరాబాదులో ఆ మిషన్ ముందు ఆమె చోటు ఖాళీగా ఉంటుంది. తన చోటును ఖాళీగా వదిలిపెట్టే దానం ఆమె ఎందుకు చెయ్యాలి?

"చేస్త సార్. నాలుగో నెంబరు మీద చేస్త. డ్రాయింగుల ఎట్లుంటే అట్ల చేస్త."

"అంతే తల్లీ, డ్రాయింగుల ఎట్లుంటే అట్లనే."

ఏప్రాన్ ముడి బిగించింది. టోపీలోకి జడ తోసింది. చక్ తాళాన్ని మూడు వైపులా తిప్పి కడ్డీ బిగించి, తాళం తీసి ట్రేలో పెట్టింది. మిషన్ గుర్రుమంది. మొదటి కోతకు నల్లటి పైపొర ఊడిపోయి లోపలి తెల్లటి ఇనుము బయటపడింది. చుట్టలు చుట్టలుగా రజను నీలం తిరిగి కింద రాలుతోంది, సబ్బునీళ్ళు పోసిన చోట పొగ లేస్తోంది. క్లాసు వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, భద్రత కోసం నేల మీద గీసిన పసుపు గీత అవతల నిలబడ్డారు. స్రవంతి అందరికంటే ముందుంది.

గాటు దగ్గరికి వచ్చింది. ఫీడ్ ఆపి, రెండు చేతులతో చక్రం పట్టుకుంది. ఈసారి ఎక్కిలిని బుజ్జగించలేదు. పడనీ, గీత పడాల్సిందే. అది లేకపోతే ఈ జాబు ఎక్కడ పుట్టిందో ఎవరికి తెలుస్తుంది? దాటించి, మళ్ళీ ఫీడ్ వేసింది. కాలరు ముప్పైకి తెచ్చింది. మరలు ఏడు కోతల్లో, తొందరపడకుండా తీసింది. నాలుగు ఇరవైకి మిషన్ ఆపి నట్టు ఎక్కించింది. వేలితో ఒక్కసారి తోస్తే చివరిదాకా పోయింది. పొడవు చూసింది, వంద పాయింట్ జీరో వన్.

పక్కన ఏదో చప్పుడైంది. పంచుల పెట్టె. యాకయ్య దాన్ని మూత తీసి ఆమె పక్కన బల్ల మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. ఆ పెట్టె విద్యార్థుల చేతికి రావడం ఇంతకుముందు ఎవరూ చూడలేదు.

సుకన్య జాబును దిమ్మె గాడిలో అడ్డంగా పడుకోబెట్టింది. ఒకటి తీసింది. కాలరు ఒంటి మీద నిలబెట్టి, సుత్తి ఎత్తింది. ఒక్కటే దెబ్బ. ఏడు తీసింది. ఇంకొక దెబ్బ. అంకెల అంచున లేచిన ఇనుమును నూనె రాయితో రెండుసార్లు సుతారంగా రుద్ది, గుడ్డతో తుడిచింది.

సుత్తి చప్పుడుకు కిషన్ రావు పరుగున వచ్చాడు. "అయ్యో, అయ్యో! ఏందిది? అక్కడ కొట్టుడేంది? పదిహేడేంది?"

"డ్రాయింగుల నెంబరు అక్కన్నే ఉంది సార్. ఆపరేటరు నెంబరు అని ఉంది. చేసింది నేను. కింద మీ సంతకం ఉంది."

ఆయన షీటు లాక్కుని చూశాడు. బాణం చూశాడు. తన సంతకం చూశాడు. కాగితాన్ని తిప్పి వెనక కూడా చూశాడు, అక్కడేమైనా దారి ఉంటుందేమోనని.

"యాకయ్యా! తీసెయ్ దాన్ని."

"తీస్తే డయా పోతది సార్," అన్నాడు యాకయ్య కదలకుండా. "ముప్పై ఉండాల్సింది ఇరవై తొమ్మిదిన్నర కూడ ఉండది. మొన్నటిదన్న అర ఎంఎంతోటి పోయింది. ఇది జాబే పోతది." తర్వాత పసుపు గీత అవతలి పిల్లలందరికీ వినిపించేలా అన్నాడు, "మొన్న కోసింది నేనే. ఇగ కొయ్యను."

గేటు దగ్గర ఆర్గనైజర్ల బండి హారను మోగింది. ఐదుకు పావుగంట తక్కువ. కిషన్ రావు ఓంకార్ వైపు చూశాడు. ఓంకార్ తల అడ్డంగా ఊపాడు. పిల్లల వైపు చూశాడు. నలుగురైదుగురు ఫోన్లు పట్టుకుని ఉన్నారు. ఆయన జేబురుమాలుతో మెడ తుడుచుకుని, నూనె మరకలున్న ఆ బల్ల మీదే ఎంట్రీ ఫారం పరిచి, పెన్ను మూత తీశాడు.

పెన్ను కాగితం మీద ఆగిపోయింది.

"నీ పూర్తి పేరేంది?" అన్నాడు తలెత్తకుండా.

మూడేళ్ళు పాఠం చెప్పిన మనిషి. సుకన్యకు నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. రెండిటినీ ఆపుకుంది.

"ఆడెపు సుకన్య, సార్. మెషినింగ్ గడిల రాయుండ్రి. డాక్యుమెంటేషన్‌కు ఓంకార్‌ను పెట్టుండ్రి. అర ఎంఎం తేడాను మూడుసార్లు కొలిచి పట్టుకున్నడు. చేతిరాత కూడ ముత్యాల లెక్కనే ఉంటది."

పసుపు గీత అవతల స్రవంతి పెట్టిన కేకకు రేకుల కప్పు మీది పావురాలు లేచిపోయాయి. ఓంకార్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా ముందుకొచ్చి జాబును నూనె గుడ్డలో చుట్టి, డ్రాయింగుతో సహా డబ్బాలో పెట్టి, తనే మోసుకుంటూ గేటు వైపు నడిచాడు.

జనం పలచబడ్డాక సుకన్య తిరిగి చూసేసరికి యాకయ్య నాలుగో నెంబరు దగ్గర బ్రష్ పట్టుకుని, బెడ్డు మీది రజను ఊడ్చబోతున్నాడు. ఎవరు పనిచేస్తే మిషన్ వాళ్ళే తుడవాలన్నది ఆయన పెట్టిన నియమమే. ఆమె దగ్గరికి వెళ్ళి ఆయన చేతిలోంచి బ్రష్ తీసుకుంది.

"మీరు కూసోండ్రి సార్," అంది. "చేతులు వణుకుతానయి గద."

యాకయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.